గోడ మీద మేడం

హాయిగా కూర్చునే ఉద్యోగమట! విన్నారుగా వదినా, మీ తమ్ముడి మాటలు? గొంతు చించుకోనక్కర్లేదు, చేతికి సుద్ద అంటదు, ఇంకేం కావాలంటాడు. ఏం చెప్పను?

అవును, మా బడి పిల్లలకి చూపించే ఆ వీడియోల్లో లెక్కలు చెప్పేది నేనే. అయ్యో, ఎవరూ బలవంతపెట్టలేదు, నేనే ఎగబడ్డాను. పిల్లలు పాఠం ఇంట్లో చూసుకుని వస్తారు, లెక్కలు క్లాసులో మీ పక్కన కూర్చుని చేస్తారు అని మా ప్రిన్సిపాల్ అంటే, ఎంత బాగుందో అనుకున్నాను.

బాగానే ఉండేది కూడా! స్టోర్‌రూం కిటికీలకి దుప్పట్లు కట్టి రికార్డు చేశాం. స్లైడ్లన్నీ నా చేత్తో చేసినవే. బాణం గుర్తు ఎగురుకుంటూ రావడం, జవాబు మెల్లగా తేలడం... మర్నాడు క్లాసుకొచ్చి పిల్లలు తెగ మెచ్చుకునేవాళ్లు. క్లాసులో ఒక్కొక్కరి పక్కన చేరి, ఎక్కడ తడబడుతున్నారో చూసేదాన్ని. అంత తీరిక అంతకుముందు ఎప్పుడు దొరికింది?

తర్వాత మొదలైంది. కొందరు ఇంట్లో చూడకుండానే వస్తున్నారు. ఇంటికంతా ఒకటే ఫోను, అది జేబులో పెట్టుకుని నాన్న డ్యూటీకి పోతే, ఆ పిల్ల ఏం చూస్తుంది చెప్పండి? సరే, క్లాసులోనే ప్రొజెక్టరు పెట్టి గోడ మీద వేసెయ్యండి అన్నారు పైవాళ్లు. అంటే ఏమిటి? గోడ మీద నేను పాఠం చెబుతుంటే, వెనక బెంచీలో నేనే కూర్చుని పిల్లలు అల్లరి చెయ్యకుండా చూడాలి!

నవ్వకండి వదినా.

ఓసారి ఉండబట్టలేక లేచి, ఆపి చెప్పబోయాను. "వీడియోలో మీరే బాగా చెబుతున్నారు మేడం, కూర్చోండి" అన్నాడొకడు. వాడి తప్పేముంది? అందులో నాకు దగ్గు రాదు, విసుగు రాదు. వయసూ రాదు.

మానెయ్యమంటారా? ఆ ముచ్చటా అయింది. మీ తమ్ముడికి చెప్పలేదు. పోయిన వారం ఊరవతల ఇంకో బడికి వెళ్లాను. అక్కడి హెడ్మిస్ట్రెస్ నన్ను చూడగానే లేచి నిలబడింది. "మీరా మేడం! మా పిల్లలకి మీరంటే ప్రాణం" అంది. పొంగిపోయాను. ఉద్యోగం కోసం వచ్చానన్నాను.

ఆవిడ కాసేపు నసిగింది. "మీరు ఇప్పటికే మా దగ్గర ఉన్నారు కదా మేడం..."

మావాళ్లు ఆ వీడియోలు వాళ్లకి అమ్మేశారట! నన్నడిగారా? ఎవరడుగుతారు? గొంతు నాదే గానీ పాఠాలు వాళ్లవట.

బయటికొస్తూ కిటికీలోంచి చూశాను. గోడ నిండా నేనే. ఓ పిల్ల లేచి, "మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?" అనడిగింది. గోడ మీద నేను ఆగలేదు, తర్వాతి స్లైడుకి వెళ్లిపోయాను. అక్కడున్న కంప్యూటర్ ఆపరేటరేమో, "మళ్లీ వేస్తాలే, కూర్చో" అన్నాడు.

నా వల్ల కాలేదు. ఊచలు పట్టుకుని చెప్పేశాను. "వెనక్కి నడిచే మనిషిని వీడియో తీసి, ఆ వీడియోని వెనక్కి తిప్పామనుకో. ఎటు నడుస్తాడు?"

"ముందుకి!" అంది వదినా! ఆ కళ్లు చూడాలి మీరు! పిల్లలందరూ గోడకేసి ఓసారి, నాకేసి ఓసారి చూస్తున్నారు.

"ఎవరమ్మా మీరు? క్లాసు జరుగుతోంది" అని ఆపరేటరు కిటికీ వేసేశాడు.

ఇంకెక్కడికి పోను? ఏ బడి గడప తొక్కినా నాకంటే ముందు నేనే అక్కడ ఉంటానేమో.

రేపు పై క్లాసుల రికార్డింగు. నీలం రంగు కట్టుకోవద్దన్నారు, వెనక గోడలో కలిసిపోతున్నానట. వెళ్లొద్దంటారా?

నిజం చెప్పనా... నోరారా పాఠం చెప్పుకోడానికి నాకిప్పుడు ఆ కెమెరా ఒక్కటే మిగిలింది వదినా.