ఏడో నెల అని చెప్పిన

మల్ల కాంట పట్టుకొని వచ్చినవా జంగమ్మక్కా? మొన్ననే గదా జోకినవ్! మా పిలగాన్ని వారానికోపారి కొక్కేనికి ఏలాడదీయకుంటె నీకు బువ్వ పోదా ఏంది?

కూసో, కూసో. తిడ్తలేను. నా నోరే గంత, నా పెండ్లైన కాంచి సూస్తున్నవ్ గదా.

జోక్కో మరి. జోలె జర మెల్లగ ఎయ్యి, తొడలు ఒరుసుకుంటయి. ఆ... ఎంత? ఏడు కిలోల మూడొందలా? సూసినవా! పుట్టినప్పుడు ఎంతుండె వీడు? కిలో నాలుగొందలు. సోరకాయ గూడ ఇంతకంటె బరువుంటదని మా ఆయన ఏడ్వలేక నవ్విండు. ఇప్పుడు ఎత్తుకుంటె నాకు నడుము పట్టేస్తున్నది.

రాసుకో నీ అంగన్‌వాడీ కార్డు మీద. పచ్చ గీత మీదనే ఉన్నడు గదా? ఇగ నడువు. నీకింక శానిండ్లు తిరిగేది ఉంటది.

పోవా? ఏందక్కా, గట్ల సూస్తున్నవ్?

ఓ, చిటికేసినవా? వాని ఎనకనించి ఏసినవ్, వానికేం ఎరుక? ఆ గిలక్కాయ చేతిల పడ్డదంటె లోకమే యాదికుండదు వానికి. మల్ల ఎందుకేస్తున్నవ్? ఊకోక్కా. ఆడుకోనియ్యి.

ఏడో నెల పిలగాడక్కా వీడు. అందరి లెక్క వీనికి పెట్టొద్దు. డాక్టరమ్మ ఏమన్నది? ముందుగాల పుట్టినన్ని దినాలు వయసుల నించి తీసెయ్యాలె, తీసినంకనే కూసున్నడా, పాకిండా అని సూడాలె అన్నది. జూన్ల, మిరుగం కార్తె నాడు పుట్టిండు, ఇప్పుడు ఉగాది వస్తున్నది. తొమ్మిది నెల్లు. అందుల రెండు నెల్ల పైన తీసెయ్యి. ఇంకెంత మిగిలింది? ఇంక టైముంది గదా?

జర మెల్లగ మాట్లాడు. అత్తమ్మ బుచ్చయ్య మామ ఇంటికి ఆవుపాలకు పోయింది. ఏ గడియల వస్తదో ఏమో.

వీడు బతికింది ఆమె చేతులల్ల అక్కా. నేను కన్న, అంతే. దవాఖాన నించి తెచ్చిన నాడు వీనికి రొమ్ము గుంజే తాకత్ లేకుండె. నేను పాలు పిండి ఇస్తుంటె, ఆమె ఉగ్గుగిన్నె వాని పెదవికి ఆనిచ్చి చుక్క చుక్క పోసేది. మింగిండా, ఊపిరి తీసిండా, మల్లొక చుక్క. ఆమెకు గడియారం సూడరాదు గదా, విమానాలే ఆమెకు గడియారం. తెల్లారంగ దిగే పెద్ద విమానానికి ఒకపారి, ఎండపొద్దుకు పోయేదానికి ఒకపారి. దవాఖానల సిస్టరమ్మ నేర్పిందని, చీర కొంగు కింద వాన్ని రొమ్ముకు అదుముకొని ఇల్లంత తిరిగేది. నాకు సిగ్గేసింది అక్కా, ముసలామె అంత చేస్తుంటె.

మా ఆయన జగదీశ్‌కు ఎయిర్‌పోర్ట్ కార్గోల డ్యూటీ. ఇంటికొచ్చినంక గూడ చెవులల్ల మోత పోదంటడు. కొడుకును సూసి మురుస్తడు. నెత్తి మీది నించి విమానం పోతే రేకులు గడగడ వణుకుతయి, చంటి పిల్లలున్న ఇండ్లల్ల అందరు లేచి కూసుంటరు, మనోడు కన్ను గూడ తెరవడు, పైలట్ అయితడు సూడు అంటడు. గల్లీ అంత గదే మాట. మా అత్తమ్మను సూస్తె సాలు, రుక్కమ్మా, నీ మనుమడు ఎంత బుద్ధిమంతుడో, విమానం పోయినా లేవడు!

నేను గూడ అన్న ఆ మాట. మస్తుసార్లు అన్న.

ఏందీ? చెవుల పరీక్షనా? అయింది గదా. మూడో నెల్లనే అయింది. నువ్వే టిక్కు పెట్టినవ్, సూస్కో.

చీటియా? ఏ చీటి? ఇచ్చిండ్రు... ఏడనో పెట్టిన. దూలం మీదనో, పెట్టెలనో. రేపు దేవులాడి ఇస్తలే.

అక్కా, గట్ల సూడకు. నాకు అబద్ధాలు ఆడొస్తయి గాని, నీ కండ్లల్ల సూసుకుంట ఆడొస్తలేదు.

కాలే.

పరీక్ష కాలేదక్కా. దవాఖాన దాక పోలేదసలు.

నేను, అత్తమ్మ, వీడు, పొద్దుగాలనే బయలెల్లినం. ఆరాంఘర్ల దిగినం, ఆడికెల్లి ఇంకో బస్సు ఎక్కాలె. వాన పడుతున్నది. అత్తమ్మ వాన్ని కొంగుల చుట్టుకొని ఒక దుకాణం పంచన నిలబడ్డది. బస్సు వచ్చింది. ఎదురుంగ వచ్చి ఆగింది. నా కాలు లేవలే. ఫోన్ తీసి చెవికి పెట్టుకొని ఉత్తగనే మాట్లాడిన. ఔనా మేడం, సరే మేడం, మల్లొస్తం మేడం. అవతల ఎవ్వలు లేరు. డాక్టరమ్మ ఇయ్యాల రాదంట అత్తమ్మా అన్న. పాపం, నమ్మింది. పిలగానికి తడి తాకుతది బిరాన పోదాం పా అన్నది.

తర్వాత ఆమెకేమో పరీక్ష మల్లెప్పుడో అని చెప్పిన. నీకేమో అయిపోయింది అని చెప్పిన. మా ఆయనకు అసలు చెప్పనే లేదు.

ఎందుకా? దవాఖానోళ్లు మొదటి స్కానింగ్ కాయితం తెమ్మన్నరు. దాన్ని బట్టే సక్కని వయసు లెక్కగడతరంట. అది మా తల్లిగారింట్ల, కొత్వాల్‌గూడల తీయించిన కాయితం. పోయింది అని చెప్పిన అందరికి. పోలే. మా అవ్వ బియ్యం డబ్బాల అడుగున దాపెట్టింది. నేనే పెట్టుమన్న.

వీడు ఏడో నెలోడు గాదక్కా.

ఎనిమిదో నెల.

అట్ల నోరు మూసుకోకు, నాకు బుగులైతది. నీకెరుకనే గదా మన దిక్కు ఏమంటరో. ఏడో నెలది నిలుస్తది, ఎనిమిదో నెలది నిలవదు. దీపావళి ముందట నా తలస్నానం ఆఖరు. నా ఒంటి లెక్క నాకు తెల్వదా? నొప్పులు లేచినప్పుడే ఏళ్ల మీద ఎంచుకున్న. ఎనిమిది. మల్ల ఎంచిన. ఎనిమిదే.

కాన్పు గది తలుపు కాడ అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని ఏమడిగిందో ఎరుకనా? నొప్పెంతున్నదని అడగలే. ఎన్నో నెల బిడ్డా, సక్కగ చెప్పు అన్నది. ఆమె మొఖం సూసిన. ఏడు అత్తమ్మా, ఏడో నెల్ల పడ్డది అన్న. ఆమె ఊపిరి ఒదిలిన సప్పుడు నాకు ఇనొచ్చింది. అట్లయితె బతికించుకుందాం అన్నది.

డాక్టరమ్మకు గూడ ఏడే అని చెప్పిన. ఏడో నెలకు చర్మం గట్టిగనే ఉందే అని వాని అరికాలు తిప్పి తిప్పి సూసింది. నేను కండ్లు మూసుకున్న.

చెప్పకుంటె ఎట్ల మరి? అత్తమ్మకు మా ఆయన కంటె ముందుగాల ఒక ఆడపిల్ల పుట్టిందంట. ఎనిమిదో నెల్ల. పదకొండు దినాలు ఉండె. వీనికి పాలు పోసుకుంటనే చెప్పింది నాకు, ఎవల ముచ్చటనో చెప్పినట్టు చెప్పింది. ఆ పిల్లకు రొమ్ము ఇయ్యలేదంట అక్కా. ఎట్లాగు ఉండేది గాదు, పాలు అలవాటు జేస్తె నీకే ప్రేమ పెరిగి ఏడుస్తవ్ అని పెద్దోళ్లు ఒద్దన్నరంట. గుడ్డ తడిపి నోట్లె పెట్టిండ్రంట. పిల్ల ఏడుస్తుంటె ఈమె రొమ్ములు పాలతోని రాళ్లయి, పెరట్లకు పోయి నేల మీద పిండుకున్నదంట.

ఎనిమిది అని చెప్పితె ఆ చేతులు వీన్ని ముట్టునా? నువ్వే చెప్పు. ఆ ఉగ్గుగిన్నె తీసునా? నేను కుట్లతోని లేవలేకుంటి. మా అవ్వ పానం బాగలేక పడి ఉండె. ఎవలు పోస్తరు రెండు గంటలకోపారి?

అందుకే చెప్పిన. ఇప్పుడు అడిగినా అదే చెప్త.

గాని అక్కా... ఒక మాట. చెప్పుడు మొదలు పెట్టిన గాబట్టి అంత చెప్తున్న. కాయితం ఒక సాకు. దాన్ని మల్ల దాపెట్టుడు నాకేమన్న కష్టమా? పోయింది అన్న, ఇంకోపారి పోయింది అంటుంటి. ఆరాంఘర్ల నా కాలు లేవంది కాయితానికి గాదు. ఆడికి పోతె వాళ్లు చెప్తరు. చెప్పినంక అది నిజమైతది.

నాకు అప్పటికే అనుమానం.

ఒకపారి, వీడు పండుకున్న కాడ నా చేతిలకెల్లి ఇత్తడి గంగాళం మూత జారింది. పక్కింటి బర్రె బెదిరి తాడు తెంపుకున్నది. వీడు పండుకునే ఉన్నడు. అలిసిపోయిండు అనుకున్న. అంతకు మునుపే వినాయకుని డప్పులు మా గడప ముంగట కొట్టిండ్రు, అప్పుడు గూడ గట్లనే. ఏడో నెలోడు గదా, చెవులు ఇంక ముదరలే అనుకున్న. నా అబద్ధం నాకే పనికొచ్చింది సూడు. ప్రతిపారి రెండు నెల్లు తీసేసుకుంట, ఇంక టైముంది ఇంక టైముంది అనుకుంట వచ్చిన.

దీపావళికి గల్లీ పోరలు సుతిలి బాంబు పేల్చిరి, మా గేటు కాడనే. వీడు నా ఒళ్లె ఉండె. నా గుండె దబ్బున ఎగిరింది. అప్పుడు లేచి కండ్లు తెరిచిండు. అరే, ఇన్నడు, ఇన్నడు నా కొడుకు అని ముద్దులు పెట్టిన. ఆ తర్వాత తెలిసింది. వాడు లేచింది సప్పుడుకు గాదు. నేను అదిరితె లేచిండు.

జోలపాట గూడ గట్లనే. రొమ్ము మీద పండుకోబెట్టుకొని పాడితె సల్లగ పండుకుంటడు. మంచంల ఏసి, పక్కనే కూసొని, అదే పాట, అదే గొంతు, పాడిన. ఏడుస్తనే ఉన్నడు. ఎత్తుకొని మల్ల రొమ్ముకు ఆనిచ్చుకున్న. ఊకున్నడు. ఆ దినమంత ఎత్తుడు దించుడు, ఎత్తుడు దించుడు. వాని ఏడుపు ఆగలే, నాదీ ఆగలే.

ఇంకోటి ఉంది. నీకు గూడ తెలిసే ఉంటది, అందుకే చిటికెలేసుకుంట కూసున్నవ్. సంకురాత్రి దాక 'ఊఁ... అక్కూ...' అని ఒకటే ముచ్చట పెట్టేటోడు. తాడు, గోడ, పంకా, అన్నిటితోని మాట్లాడెటోడు. ఇప్పుడు తగ్గింది. దినదినం తగ్గుతున్నది అక్కా. మొన్న పొద్దంత సూసిన. నాలుగుసార్లే నోరిడిసిండు.

బరువు పెరుగుతున్నది, గొంతు తగ్గుతున్నది. నీ కాంట మీద అది తెల్వదు.

ఏమన్నవ్? చెవికి మిషన్ పెడితె ఇంటరా? ఎంత ముందుగాల పోతె అంత మంచిదా? మరి ఆరు నెల్లు నేను...

ఆగు. విమానం వస్తున్నది. రేకులు మొదలు పెట్టినయి.

సూడు. మాట్లాడకు, సూడు. కోళ్లు ఉరికినయి. నువ్వు చెవులు మూసుకున్నవ్. వాన్ని సూడు. నీ కాంట కొక్కెం ఎట్ల ఊగుతున్నదో సూసి నవ్వుతున్నడు.

పోయింది.

సూసినవ్ గదా. ఇగ నేను చెప్పేదేముంది? సోమారం పోదాం. నువ్వు గూడ రా. ఈసారి బస్సు వస్తె నా రెక్క పట్టి ఎక్కియ్యి. కాయితం మా అవ్వను తెమ్మంట. అందుల ఉన్నదే రాయిద్దాం. నీ కార్డు మీద గూడ కొట్టేసి రాయి, ఇప్పుడే రాయి. ఎనిమిదో నెల. అత్తమ్మకు మెల్లగ నేనే ఎట్లనన్న...

ఏందక్కా? ఎనక ఎవలున్నరు?

అత్తమ్మా.

ఎప్పుడొచ్చినవ్? విమానం సప్పుడుకు నాకు తెల్వనే లేదు. లోపటికి రా. గడప మీద నిలబడొద్దు.

ఆ. ఇన్నవా... ఔను, తప్పు జేసిన. నా చెంప పగలగొట్టు. గాని వాన్నేమనకు. వాడు ఏం జేసిండు? నువ్వే గదా పోసినవ్, నువ్వే గదా బతికించినవ్...

ఏందీ?

ఔనత్తమ్మా. ఎనిమిదే.

ఔను. ఎనిమిదో నెలోడే. బతికిండు.

ఊహుఁ, గట్ల అడగకు. పదకొండు దినాల ఆ పిల్ల ముచ్చట వేరే. అప్పటి కాలం వేరే. పాలు పోసినా ఉండేది గాదు. నాకేం తెలుసు... పోస్తె ఉండునేమో, ఉండకపోవునేమో. అత్తమ్మా, నా దిక్కు సూడు. కూసో జర.

అక్కా, నువ్వన్న చెప్పు ఆమెకు! నేను పిలగాని గురించే పరేషాన్ అయిన. తొమ్మిది నెల్లు ఈమె చేతులు ఆగిపోతయేమో అనే బుగులు పెట్టుకున్న. ఇది సోంచాయించనే లేదు. ఈ మాట ఈమెకు గిట్ల తాకుతదని నాకు తట్టనే లేదు.

చెంబు ఇటియ్యి అత్తమ్మా. వంగింది, సూడు. పాలన్ని నేల మీద పోతున్నయి.