రత్నరాజు మైకు దించిన రోజు

ఆ ఉల్లిపాయలు ఇటివ్వు, నువ్వు తరిగేసరికి సాయంత్రం ప్రార్థన కూడికకి జనం వచ్చేస్తారు. కూర్చో. అక్కడ కాదు, ఆ స్టూలు మీద, నీ మొహం నాకు కనబడేట్టు. ఇందాక ఏమన్నావ్? మళ్లీ అను. "ఉద్యోగం పోయినదాన్ని, నేను సంఘం ముందు నిలబడ్డమేంటి ఆంటీ, ముందు జాబ్ రానివ్వండి, అప్పుడు చూద్దాం." అదేగా? బావుందే ప్రిస్సిల్లా. పాస్టరు గారు డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. పెద్దలంతా కూర్చుని, అంతమందిలో వెతికి, కూడికలు నడిపించమని నిన్ను అడిగారు. ఆడపిల్ల వాక్యం చెబితే ఎలాగండీ అని ఒకాయన గొణిగితే, పైకప్పు కూలుతుందని భయమా బ్రదర్ గారూ, ఆ కప్పు మనది కాదు, అమెరికన్ చర్చివాళ్లది, దానికి ఇన్సూరెన్సుంది అని నేనే నోరు మూయించాను. నేను అంత పోట్లాడి వస్తే, నువ్వేమో లేఆఫ్ సంగతి నాకూ మీ ఆయన కాలేబుకీ తప్ప మూడోమనిషికి తెలియనివ్వకుండా, ప్రతి ఆదివారం "వర్క్ ఎలా ఉందమ్మా" అంటే "ఫుల్ బిజీ అండీ" అని పళ్లికిలిస్తున్నావ్. నీకు రత్నరాజు సంగతి చెప్పాలి. ఎవరా? అవున్లే, నీకెలా తెలుస్తుంది, అప్పటికి నువ్వింకా కాకినాడలో ఇంటర్ చదువుతున్నావేమో.

రత్నరాజుది భీమవరం దగ్గర పల్లె. వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులుండేవి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య మణి, ఒక్కడే కొడుకు లెవి. మామూలుగా మాట్లాడితే అంత సరదా మనిషి ఇంకొకడు లేడు. "ఆయ్, ఏటండీ అక్కగారూ, పులస దొరకని దేశంలో పడేశాడండి దేవుడు మనల్ని" అని మొదలెట్టాడంటే కడుపు పట్టుకు నవ్వేవాళ్లం. చేతికి మైకొచ్చిందా, ఇక అయిపోయింది. ఆ గొంతు ఎక్కణ్ణించి ఊడిపడేదో తెలీదు. "నాఆఆ ప్రియమైన సహోదరీ సహోదరులారాఆఆ! ఈ దినమునఅ! నీ జీవితములోఒ!" మేం చూస్తే నాలుగు వరసల అవతల ఉన్నాం. ఆయనేమో పక్క ఊళ్లో పడవెక్కుతున్నవాణ్ణి పిలిచినట్టు పిలిచేవాడు. ఒకసారి లెవి, అప్పుడు చిన్నవాడు, నా ఒళ్లో కూచుని, "ఆంటీ, వై ఈజ్ డాడీ మ్యాడ్ ఎట్ అజ్?" అన్నాడు. కోపం కాదు నాన్నా, ప్రసంగం అన్నాను. నేను చదివింది పదో తరగతే గానీ ఈ ఊరి లైబ్రరీలో పుస్తకాలన్నీ నమిలేశాను కదా, అందుకే నాకీ నాలుక వచ్చిందనేవారు మా ఆయన. వచ్చిందే అనుకో, రత్నరాజు ప్రసంగాలు వింటూ ఊరుకోవాలంటే నాలుక్కి ఎంత ఓర్పుండాలి! "మైకు మింగెయ్యకు రత్నరాజూ, అది చర్చివాళ్లది" అని మొహం మీదే అనేశాను. నవ్వేసి మళ్లీ మింగాడు. అప్పట్నించీ ఆయన గొంతు సాగదీసినప్పుడల్లా నేను గట్టిగా దగ్గేదాన్ని.

మార్కెట్లు కూలిన ఏడాది అది. ఇప్పుడు మీరు ఏఐ, ఏఐ అని వణుకుతున్నారే, అప్పుడు బ్యాంకులూ బ్యాంకులూ అని వణికేవాళ్లం, పేరే తేడా. అదే సమయానికి అప్పటి పాస్టరు అయ్యగారి వీసా పొడిగించలేదు. అయ్యగారూ అమ్మగారూ పెట్టెలు సర్దుకుని గుంటూరు వెళ్లిపోయారు. ఇక ఎవరు నడిపిస్తారయ్యా అంటే, మగాళ్లందరూ తమ బూట్ల వంక చూసుకున్నారు, రత్నరాజు ఒక్కడూ మైకు వంక చూశాడు. అలా అయ్యాడు నాయకుడు. సంఘం చూస్తే వారం వారం చిక్కిపోతోంది. ఎందుకనుకున్నావ్? మన సాక్ష్యాల వల్ల. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అంటే లేచేదెవరు? గ్రీన్‌కార్డు వచ్చినవాడు, ఇల్లు కొన్నవాడు, పిల్లకి మంచి కాలేజీలో సీటొచ్చినవాడు. ప్రమోషనొచ్చిందని స్తోత్రం చెప్పి స్వీట్లు పంచినవాడు, ఆ ఉద్యోగమే ఊడిందని ఏ మొహంతో లేచి చెబుతాడు? రావడం మానేసేవాడు. ఫోన్ చేస్తే "పిల్లాడికి జలుబండీ" అనేవాడు. ఆ ఏడాది మన మోరిస్‌విల్‌లో పిల్లలకొచ్చినన్ని జలుబులు భూమ్మీద ఇంకెక్కడా వచ్చుండవు. పైగా వచ్చిన నలుగురికీ రత్నరాజు చెప్పేదేంటి? "నమ్మకముగా ఉన్నవానినిఇ! దేవుడుఉ! కింద పడనివ్వడూ!" పడ్డవాడు వింటే ఏమనుకుంటాడు? నేను నమ్మకంగా లేను కాబోలు అనుకుంటాడు, ఇంటికెళ్లి పడుకుంటాడు. హాలు ఇచ్చిన చర్చి తాలూకు దొరసాని ఒకామె నన్ను పక్కకి పిలిచి, మీవాళ్లు వస్తారా మానేస్తారా, ఆ టైముకి మా కుర్రాళ్లు హాలు అడుగుతున్నారు అంది. హాలు పోతే సంఘం పోయినట్టే. తలా ఓ చర్చికి చెదిరిపోతాం, తెలుగులో ఓ పాట పాడుకోవాలన్నా కారులో కిటికీలు ఎత్తుకుని పాడుకోవాలి.

ఆ పరిస్థితుల్లో రత్నరాజుకి మేనేజరుగా ప్రమోషనొచ్చింది. మనవాళ్లు ఊరుకుంటారా? శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాడు. రానివాళ్లందరికీ మణి ఫోన్లు చేసింది. ఫార్మ్‌కి వెళ్లి మేకపోతుని మాట్లాడొచ్చారు. కేకు మీద మేనేజర్ రత్నరాజు అని పేరు రాయించారు. తీరా శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో మీటింగ్ రూమ్‌కి పిలిచి, ఉద్యోగం తీసేశామని చెప్పి, సామాన్లు సర్దుకోడానికి ఓ అట్టపెట్టె చేతికిచ్చి, బయటిదాకా సాగనంపారు. ప్రమోషనొచ్చిన వారానికే! ఇదంతా తర్వాత మణి చెప్పిందిలే. "కూడిక ఆపేద్దామండీ, నాకు జ్వరమని చెప్పండి" అందిట మణి. ఆయనేమో వంటింట్లో మాంసం సంచులు చూసి, "జ్వరమొస్తే మేక మళ్లీ లేచి నడుస్తుందా? ఏం జరగనట్టే జరిపించేద్దాం. నడిపించేవాణ్ణి నేనే పడ్డానని తెలిస్తే ఇంకెవడైనా మిగుల్తాడా? నాకు జాబ్ వచ్చాక చెబుదాం" అన్నాడట. ఏం, ఎక్కడో విన్నట్టుందా? నవ్వకు. ఆ టొమాటోలు కడుగు.

శనివారం అందరం వెళ్లాం. మటన్ వాసన వీధి చివరిదాకా వచ్చింది, దానికోసమే సగంమంది వచ్చారనుకో, అబద్ధమెందుకు. లోకేష్ అని ఒక కుర్రాడు కూడా వచ్చాడు. ఉద్యోగం పోయి అప్పటికి చాలా రోజులైంది, ఈ జలుబు బాపతే, మణి పోరు పడలేక వచ్చి, తలుపు పక్కన చెప్పుల స్టాండు దగ్గర కూచున్నాడు, ఏ క్షణాన్నయినా పారిపోడానికి వీలుగా. పాటలయ్యాయి. రత్నరాజు లేచాడు. ఇంట్లో కూడా మైకే! కారియోకీ పెట్టె ఉండేది వాళ్లకి, పిల్లాడిది, దానికి ఊదారంగు లైట్లు కూడా వెలిగేవి. సూటూ బూటూ వేసుకుని, ఆ లైట్ల మధ్య నిలబడి, "నాఆఆ ప్రియమైన..." అని అందుకున్నాడు. నేను మా ఆయన వంక చూశాను, ఆయన సీలింగు వంక చూశారు. హెచ్చింపు అన్నాడు, ఆశీర్వాదం అన్నాడు, సరిగ్గా ఆ మాట దగ్గరికే వచ్చాడు, "నమ్మకముగా ఉన్నవానినిఇ..." అంతే, లోకేష్ మెల్లగా వంగి బూట్లు తొడుక్కోడం మొదలెట్టాడు. శబ్దం చెయ్యకుండా, మర్యాదస్తుడు పాపం. ఎవరూ చూడలేదు. రత్నరాజు చూశాడు.

ఆగిపోయాడు. మేం మర్చిపోయాడేమో అనుకున్నాం, ఎవరో "ఆమేన్" అని అందించారు కూడా. ఆయన మైకు దించాడు. దించి, మామూలు గొంతుతో, పక్కా భీమవరం గొంతుతో, "ఒరే లోకేషూ, బూట్లు విప్పరా. నాకూ పోయింది. నిన్నే" అన్నాడు. ఆ కారియోకీ పెట్టె గుయ్యిమంటోంది, దాన్ని కట్టేసే దిక్కు కూడా లేదు. వంటింట్లో మణి చేతిలో గరిటె కింద పడింది. రత్నరాజు మైకుని సోఫా మీద పెట్టి, లోకేష్ పక్కకెళ్లి, ఆ సూటుతోనే నేల మీద చతికిలబడ్డాడు. "నాకు భయంగా ఉందండీ. రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నించీ ఈ ప్రసంగం ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. పడనివ్వడు, పడనివ్వడు అని మీ అందరికీ ఇన్నాళ్లూ చెప్పాను. పడ్డాక ఏం చెయ్యాలో నాకు తెలీదండి. ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అన్నాడు. అదే ఆయన చెప్పిన మొట్టమొదటి మంచి ప్రసంగం. నేను ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

తర్వాత ఏమైందా? ఒకడు లేచాడు, నాకు మార్చిలోనే పోయిందండీ అన్నాడు. వాడి భార్య వాడి వంక చూసిన చూపుంది చూశావూ, ఆవిడకీ అప్పుడే తెలిసింది! ఇంకొకావిడ లేచింది. ఇంకొకాయన. ఒక్కొక్క జలుబూ బయటపడింది. అంతా అయ్యాక రత్నరాజు అమాయకంగా, "మరి కృతజ్ఞతా కూడిక అని పిలిచాం గదండీ, ఇప్పుడు దేనికి కృతజ్ఞత చెబుదాం?" అన్నాడు. లోకేష్ తల గోక్కుని, "కేకుంది గదండీ" అన్నాడు. చూడూ, అంత నవ్వు నేను ఏ పెళ్లిలోనూ వినలేదు. ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. మణి కత్తితో మేనేజర్ అన్న ముక్క వరకూ గీకేసి కేకు పంచింది. మటన్ ఒక్క ముక్క మిగల్లేదు.

ఆ తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళకి ఆయన లేచి, "గుడ్ న్యూస్ ఉన్నవాళ్లు కాసేపు ఆగండి. ముందు దెబ్బతిన్నవాళ్లు" అన్నాడు. వారంలో మిగతా రోజులన్నీ వాళ్ల డైనింగ్ టేబులు చుట్టూ ఉద్యోగాల్లేనివాళ్లంతా లాప్‌టాప్‌లు పెట్టుకుని కూచునేవాళ్లు, మణి టీ మీద టీ పోసేది. ఒకరికొకరు ఇంటర్వ్యూలు చేసుకునేవాళ్లు. "బ్రదర్, ఆ మైకు గొంతు పెట్టకండి, వాళ్లు జడుసుకుంటారు" అని లోకేష్ ఈయనకి పాఠం చెప్పేవాడు! మనిషి ఒక్కరోజులో మారిపోయాడని చెప్పను. అప్పుడప్పుడూ మళ్లీ పూనకమొచ్చేది, 'సహోదరీ' అని సాగదీసేవాడు, నేను దగ్గేదాన్ని, దిగొచ్చేవాడు. ప్రసంగం మాత్రం కురచబడింది. వినడం నేర్చుకున్నాడు. రానివాళ్లకి ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడగడం మానేసి, తిన్నారా అని అడిగేవాడు. ఆ దొరసాని వచ్చి ఇంకో పాతిక కుర్చీలు తెమ్మంటారా అంది. నేను యాభై అన్నాను, అడిగేదేదో గట్టిగానే అడగాలి కదా.

అందరికీ వచ్చాక ఆఖర్న ఆయనకొచ్చింది ఉద్యోగం, ఎక్కడో సన్నీవేల్‌లో. వెళ్లిపోయారు. అక్కడ కూడా అపార్ట్‌మెంట్లో ఓ పదిమందిని పోగేసి కూడిక పెట్టాడట, మణి చెప్పింది. మైకు లేకుండా. చాలా ఏళ్లయిందిలే ఆయన పోయి. గుండె. మణే ఫోన్ చేసింది నాకు. "అక్కా, ఆయన..." అంది, అంతే, ఇక నాకేం వినబళ్లేదు. లోకేష్ అప్పటికప్పుడు విమానమెక్కాడు. నేను వెళ్లలేకపోయాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ కూడికలో దగ్గొస్తే... సరే. ఎక్కడున్నాం? అల్లం దంచావా?

అదుగో కారాగింది. మన పాటలకి వాయించే అబిగేలే అయ్యుంటుంది, కీబోర్డు మోసుకొస్తూ. ఆ పిల్ల చెవిన ఒక మాట పడితే సంఘమంతటికీ అనౌన్స్‌మెంట్ చేసినట్టే, మళ్లీ ఆదివారం దాకా ఆగక్కర్లా. వెళ్లు, తలుపు తియ్యి. నా వంక చూస్తావేం, నేను నీకేం చెప్పలేదు, రత్నరాజు ముచ్చట చెప్పాను, అంతే. చేతులు తుడుచుకుని వెళ్లు... ఆఁ, వందనాలమ్మా అబిగేల్, వంటింట్లో ఉన్నాను! ఏంటీ, నువ్వు రాగానే వర్క్ ఎలా ఉందక్కా అంటున్నావా దాన్ని? నీకు వేరే పలకరింపే రాదే...

...

విన్నావుగా అబిగేల్, దాని ఉద్యోగం సంగతి దాని నోటితోనే. మరి గుమ్మంలో అలా నిలబడిపోయావేం? ఆ కీబోర్డు కింద పెట్టి, అక్కకి కాస్త మంచినీళ్లిచ్చి, నువ్వొచ్చి ఈ కొత్తిమీర తరుగు.