పాత ట్యూబు

(మే నెల. ఒంగోలులో చర్మవ్యాధుల డాక్టరమ్మ గది. ఎదురుగా పత్తి రైతు పేరయ్య, అతని పదకొండేళ్ల కూతురు అఖిల.)

“రోజుకు ఆరుసార్లా! రెండుసార్లు, పలచగా అని రాశాను కదా పేరయ్యగారూ.”

“పత్తిలో పురుగు ఒక మందుకు చావకపోతే రెండు కలిపి కొడతాం డాక్టరమ్మా. అట్టాగే మీ పూతలో ఇంకో ఘాటుది కలిపా. పది రోజుల్లో ఒళ్లు నున్నగా అయింది. ఆపేశా.”

“ఇది పురుగు కాదండీ, సోరియాసిస్. ఘాటు మందు అంత పూసి ఒక్కసారిగా ఆపితే రెట్టింపై తిరగబెడుతుంది. వీపు చూడండి, అంతా పగుళ్లే. అఖిలా, మంటగా ఉందామ్మా?”

“దానికి నోరు లేదులెండి. పళ్లెం వేరు, చాప వేరు. గొడ్ల చావిట్లో పడుకుంటది.”

“చావిట్లోనా? ఇది అంటుకోదని పోయినసారి చెప్పానా లేదా?”

“చెప్పారు. ఊళ్లోవాళ్లకెవరు చెప్తారు?”

“వాళ్లమ్మ రాలేదేం?”

“దాన్ని దాచేపల్లి తోలేశా, పుట్టింటికి. ఈ తెగులు వాళ్ల రక్తంలోదే. మా వంశంలో ఎవరికీ లేదు.”

“తల్లి వైపు నుంచే రావాలని ఏం లేదు. సరే, తారు పూత రాస్తాను. వారానికి రెండుసార్లు తీసుకొస్తే చర్మం మీద లైటు పెడతాం. తగ్గుతుంది. ముందు ఆ ఘాటు మందేదో చూపించండి.”

“అదా... అయిపోయింది. పారేశా.”

“అఖిలా, నీ చేతిలో ఏంటది?”

“ట్యూబండీ.”

“ఏయ్! అదెందుకు తెచ్చావే?”

“ఇలా ఇవ్వమ్మా. దీని గడువు మూడేళ్ల కిందే అయిపోయింది. పిల్లకు జబ్బొచ్చింది నిరుడు. ఇదెవరిది పేరయ్యగారూ?”

“షాపువాడు... పాతది అంటగట్టుంటాడు.”

“ఫ్యాను కింద కూడా అంత చెమట, ఈ ఎండల్లో మణికట్టు దాకా చొక్కా. ఆ చొక్కా చేతులు కాస్త పైకి మడవండి.”

“నా చొక్కా సంగతి మీకెందుకండీ? రోగం దానికి. లేవ్వే, బస్సు పోద్ది.”

“కూర్చో అఖిలా. నువ్వు చెప్పు, భయపడకు.”

“నోరు తెరిచావంటే చావిట్లో కూడా చోటుండదు, చెప్తున్నా.”

“అది నాన్నదండీ. నాన్న మోచేతులకీ మోకాళ్లకీ అమ్మే పూసేది. ఎవరికీ చెప్పనని అమ్మ చేత నా తల మీద చెయ్యి పెట్టించి నాన్న ఒట్టేయించుకున్నాడు. అందుకే పుట్టింటికి తోలినా అమ్మ నోరెత్తలేదు. నేను ఒట్టు వెయ్యలేదండీ.”