కుంకుమ ఎవరూ తుడవరు

(2006. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్. మేడమీద కంప్యూటర్ గది.)

"కూచో హేమలతా... కూచోండి. ఇప్పుడు మీరు బెంగళూరు కంపెనీ తరఫున తనిఖీకి వచ్చినోళ్ళు. టీ తెప్పిస్తా."

"టీ వద్దు ఉదయ్ కుమార్ సార్. నన్నీ గదిలో ఒక్కదాన్నే కూచోబెట్టి ఇంతసేపు యాడికి పోతిరి?"

"మా బావకు చెప్పేకి పోయింటి. ఓనరు లేకుండా తనిఖీ ఎట్ల? వస్తాండాడు. ఇంగా కోపమేనా నా మీద? రెండేండ్లయిపాయ కదా!"

"నేను కోపం గురించి మాట్లాడలేదే."

"లేదులే, ఊకే అడిగినా. సరే, ఏం చూడల్ల?"

"మా రూలు ఒకటే. వెబ్‌సైటు నడిచే మిషను వేరే ఉండల్ల, మీరు ప్రోగ్రాములు రాసి పరీక్ష చేసుకునే మిషను వేరే ఉండల్ల. పరీక్ష మిషన్లో ఏం పాడైనా, అంగళ్ళోళ్ళు సైటులో పెట్టిన ఆర్డర్లకు ఏమీ కారాదు."

"వేరే వేరేనే! రెండూ కండ్ల ముందరే ఉండాయి కదా."

"రెండూ ఒకటే మాదిరుండాయి. తెర మీద గూడా అంతా ఒకటే. ఏది ఏదని ఎట్ల తెలుస్తాది?"

"అదేంది, ఆ పద్ధతి పెట్టిందే నువ్వు! నొసట బొట్టున్నది సైటు నడిపేది. బొట్టు లేనిది పరీక్షది. ప్రతి శుక్రారం మా హనుమక్కే వచ్చి కుంకుమ పెట్టి పోతాది."

"ఇంగా అదేనా?"

"మారుస్తే అక్క ఊరుకుంటాదా? ఆర్డర్లు తెచ్చే లచ్చిమి అంటాది దాన్ని. అదో, బావ వచ్చినాడు."

"ఏమ్మా హేమలతా, బాగుండావా? మీ నాయన ఎట్లుండాడు?"

"నాయన పోయినేడు పోయినాడు రామాంజులన్నా."

"అయ్యో, గంగప్ప పోయినాడా! నాకెవురూ చెప్పలేదే. అట్లాంటి కటింగ్ మాస్టరు మళ్ళా దొరకలేదమ్మా నాకు."

"అట్లాంటి మాస్టర్నే కదా, నాతో బాటే గేటు బయటికి తోసింది నువ్వు."

"ఆ పొద్దు నా బాధ నాకుండె తల్లీ. దసరా ఆర్డర్లన్నీ నీ చేత్తోనే చెరిపేస్తివి. బళ్ళారి అంగళ్ళోళ్ళు నన్ను నానా మాటలన్నారు."

"చెరిపింది నా చెయ్యే. కాదనలేదు. బొట్టు లేని మిషన్లోనే చెరిపినా, ఎవురో బొట్టు మార్చినారని ఏడ్చి చెప్తి. అప్పుడు మీ బామ్మర్ది ఏమన్నాడు?"

"ఇప్పుడవన్నీ ఏంటికి హేమలతా? వచ్చిన పని చూసుకోరాదా?"

"నిన్నడగలేదు ఉదయ్ సార్, అన్నను అడుగుతాండా. కింద కుట్టేవాళ్ళందరికీ వినపడేటట్ల మైకులో అన్నాడు. కుంకుమ తుడిచేంత పాపిష్టోళ్ళు ఈడ ఎవురూ లేరని. నువ్వు తలూపితివి."

"నిజమే కదమ్మా. కుంకుమ ఎవురు తుడుస్తారు?"

"సరే. పాతది వద్దు. ఉదయ్ సార్, పరీక్ష మిషన్లో ఉండే ఆర్డర్లన్నీ చెరిపేయండి. అయినా సైటు ఎప్పటి మాదిరే నడిస్తే, ఈడనే సరేనని చెప్పి పోతా."

"ఇంతేనా? ఇదేం పెద్ద పని. చూడు బావా, రెండు నిమిషాల్లో... ఇదో, చెరిపే కమాండు టైపు చేసినా. ఎంటర్ కొట్టేదే తక్కువ."

"కొట్టండి."

"కొడ్తా. అదేంది, నీ వేలికి ఎర్రగా?"

"సిందూరం."

"సిందూరమా, కుంకుమా?"

"ఏదైతే నీకేంది? కొట్టు."

"ఒక్క నిమిషం. సైటుకు పోయే వైరు దేనికుందో వెనకాల చూసి కొడ్తా."

"వైరెందుకు? బొట్టు కనపళ్ళేదా?"

"కనపడతాండాది. అయినా ఒకసారి..."

"గుడ్డోడికి గూడా కనపడే బొట్టు, ఈ పిల్లకు కనపళ్ళేదా అంటివి కదా ఆ పొద్దు? నేను వైరు చూడకుండానే కొడ్తి. నువ్వూ అట్లనే కొట్టు."

"రేయ్ ఉదయా, కొట్రా! బెంగళూరోళ్ళ ముందర నా మానం తీస్తాండావు."

"ఉండు బావా. ఈమె ఇంతసేపు ఒక్కతే ఉండె ఈ గదిలో."

"ఉంటే?"

"ఉంటే... ఏమన్నా చేసింటే?"

"ఏం చేస్తా ఉదయ్ సార్? మీ మిషన్ల పాస్‌వర్డు నాకు తెలీదు."

"మిషను కాదు..."

"మరేందిరా? నీళ్ళు నమలకుండా చెప్పు."

"బొట్టు బావా! బొట్టు మార్చింటే? అప్పుడు ఇదే సైటు నడిచేదైతాది. కొడితే ఆర్డర్లన్నీ పోతాయి!"

"కుంకుమ ఎవురు తుడుస్తార్రా?"

"ఎందుకు తుడవరు బావా? తడిగుడ్డతో అట్లంటే పోతాది. ఆ తుడిచిన దాన్ని అట్లనే పెట్టి, పక్కదానికి వేలుతో ఒక బొట్టు పెట్టేకి ఎంతసేపు?"

"తడిగుడ్డతో పోతాదని నీకెట్ల తెలుసు?"

"ఊకే... అంటాండా."

"నేను మార్చినారనే అంటి రామాంజులన్నా. తడిగుడ్డ అని నేనెప్పుడూ అనలేదు."

"నువ్వుండమ్మా. రేయ్, పోనీ, పోతే పోయినాయి. నెలనెలా కాపీ తీస్తాండానంటివి కదా? కాపీ ఉంటే భయమేంది? కొట్టు."

"కాపీ... లేదు బావా."

"లేదా!"

"తీద్దాం తీద్దాం అనుకుంటాండి..."

"నా మొగం చూసి చెప్పు. ఆ పొద్దు బొట్టు మార్చింది నువ్వేనా?"

"నా మీద నీకు చాడీలు చెప్తాండె బావా ఈమె! సైటు నడిచే మిషన్లోనే నేరుగా చెయ్యి పెడతాండానని, వద్దంటే వినలేదని. నువ్వేమో, ఈ గది హేమలతకిచ్చి నిన్ను గోడౌనుకు పంపిస్తానంటివి. ఆమె గూడా ఒక తప్పు చేస్తే నోరు మూసుకుంటాది అనుకుంటి. అన్నీ ఒకేసారి చెరిపేస్తాదని నాకేం తెలుసు?"

"థూ! మీ అక్క పెట్టిన కుంకుమరా అది!"

"బావా, మెల్లగా. కిందికి వినపడతాది."

"హేమలతా... అమ్మా. నాది తప్పే. కానీ ఇది ఇంటి విషయం. హనుమక్కకు తెలిస్తే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. నీకేం కావల్నో అడుగు, ఈ నాలుగు గోడల మధ్యనే తేల్చుకుందాం."

"నన్ను తిట్టింది నాలుగు గోడల మధ్యనా అన్నా? మా నాయన కత్తెర చేతిలో పట్టుకోని అందరి ముందర తల దించుకోని నిలబడె. కంబదూరుకు పోయి మళ్ళా కత్తెర పట్టలేదు. సచ్చే ముందర గూడా, నిజం చెప్పు పాపా, పరాగ్గా ఉండి చెరిపినావా అనడిగె. నేను కాదంటే, సరేలేమ్మా అనె. నమ్మి అనలేదు, నన్ను ఓదార్చేకి అనె. కన్నోడే నన్ను నమ్మకుండా పాయ. దానికి ఏమిస్తావన్నా? ఆ మైకు ఇంగా పని చేస్తాండాదా?"

"హేమలతా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళు వద్దు ఉదయ్ కుమార్. మైకు పట్టుకో."

"బావా, చెప్పు బావా ఈమెకు!"

"పోరా."

"బావా!"

"పో. చేసింది చేసినట్ల చెప్పు. గంగప్ప పేరు గూడా చెప్పు... మైకు కాడికి పోయినాడమ్మా. వినపడతాండాదా?"

"కుట్టు మిషన్లన్నీ ఆపేసినారు చూడన్నా. అందరూ వింటాండారు."

"ఏడుస్తాండాడు."

"ఏడవనీ. నేనూ ఆ మైకు కిందనే ఏడ్చినా. నా చెవులు నిండేదాకా వింటా."

"వినమ్మా, విను... అయిపాయ. నీ పగ తీరె కదా. ఇంగ నా మీద దయ చూపించు. ఏది ఏదో నాకు తెలీదు, ఆర్డర్లు పోతే కింద అంతమందికీ పని ఉండదు. ఆ బొట్టు ఎప్పటి మాదిరి దాని మిషనుకే పెట్టి పో తల్లీ."

"యాడ పెట్టల్ల అన్నా?"

"నువ్వు తుడిచిన చోటే."

"నేను తుడిచింటే కదా పెట్టేది? ఇది వచ్చే దావలో హనుమంతుని గుడి కాడ వేలికి అంటిన సిందూరం. హనుమక్క పెట్టిన బొట్టు యాడుండాల్నో ఆడే ఉండాది. తుడవల్లనుకోనే వచ్చింటి అన్నా, తడిగుడ్డ గూడా తెచ్చుకుంటి. చెయ్యి రాలేదు."