ఎర్ర సిరాతో నేను కొట్టేసిన మాట

పెద్దలారా, ప్రెస్సు కార్మిక సోదరులారా, అమ్మా మాణిక్యమ్మ గారూ! ఇవాళ ఇంతమందిమి వచ్చాం. మీ ఆయన బతికుండగా మాలో పదిమందైనా మీ గుమ్మం తొక్కామా? ముందు అందుకు క్షమించండి.

గోడమీద కాగితం చూశారా? 'కీర్తిశేషులు శ్రీ ప్రభుదాస్ గారు'. పోయాక ఎంత మర్యాద! మన తెనాలి ప్రెస్సులో ముప్పై ఏళ్లు అక్షరాలు పేర్చిన మనిషిని మొన్నటిదాకా ఏమని పిలిచాం? 'ఒరే ప్రభుదాసూ' అని కాదూ? నాకంటే పదేళ్లు పెద్ద. ప్రూఫులు దిద్దే నేనూ అలాగే పిలిచాను.

ఒకసారి చేబ్రోలు రైతు ఒకాయన శుభలేఖలో పినతండ్రి పేరు పక్కన 'గారు' పడలేదు. 'మా పరువు తీశావు కదరా!' అని ఈయన మీద విరుచుకుపడ్డాడు. ఆ రైతు రాసిచ్చిన కాగితంలోనే ఆ మాట లేదు. అయినా ప్రభుదాస్ గారు ఎదురు చెప్పకుండా ఐదువందల కార్డులూ మళ్లీ వేయించారు.

ఆరేళ్ల కిందట, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, ఆయన కూతురి పెళ్లి. వియ్యంకుడు లూకా గారు రేపల్లె బియ్యం మిల్లులో బస్తాలు మోస్తారు. ప్రభుదాస్ గారు శుభలేఖలో 'శ్రీ లూకా గారు' అని పేర్చి, ప్రూఫు నా బల్లమీద పెట్టారు. ఆ మిల్లు బిల్లు పుస్తకాలన్నీ మా దగ్గరే అచ్చవుతాయి. మిల్లు యజమాని కంట పడితే, తన కూలీకి 'గారు' ఏమిటనుకుంటాడో! ఎవరూ చెప్పలేదండీ. నాకు నేనే ఎర్ర సిరాతో 'గారు' కొట్టేశాను. ఆయన కాగితం చూసి, 'మా వియ్యంకుడండి, బాబూ' అన్నారు. నేను ఆ ప్రూఫు అలాగే అచ్చుకు పంపేశాను.

వారం తర్వాత నాకూ శుభలేఖ ఇచ్చారు. లూకా గారి పేరు పక్కన కలంతో 'గారు' అని రాసి ఉంది. రెండువందల కార్డుల మీదా అలాగే రాశారట. కవరు మీద నా పేరు పక్కనా రాశారు! ఏ మొహం పెట్టుకుని ఆ పెళ్లికి వెళ్లను? వెళ్లలేదు.

ఏంటండీ ఈ గౌరవం? ఎవరబ్బ సొమ్మని ఇంత పిసినారితనం? నాకు ఒళ్లు మండుతోంది, ముందు నామీదే.

ఆయన నిలబడే అక్షరాలు పేర్చారు. నిలబడే ప్రూఫు చూపించారు. నా ఎదుట కుర్చీ ఖాళీగానే ఉండేది. కూర్చోమని నేను ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు చూడండి, పొద్దున రేపల్లె బండిలో వచ్చిన లూకా గారు ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. మనమంతా కూర్చున్నాం.

లూకా గారూ, ఇలా రండి. నా కుర్చీలో కూర్చోండి. మిగతావాళ్లం లేద్దాం. రెండు నిమిషాలు నోరు మూసుకుని నిలబడదాం.