ఒర ఆరే మూడు రోజులు

ఎల్ పాసోలో ఒక తోలుపని దుకాణం. నడివయసు ఆవిడ బల్ల మీద పిస్టల్ పెట్టింది. ఒరలు కుట్టే ముసలాయన తలెత్తి చూశాడు.

"మళ్లీ ఒరేనా అమ్మా? ఈ ఏడాదిలో ఇది నాలుగోది. మీ ఆయనకి ఉన్నది ఒక్క నడుమేగా!"

"ఈసారి పూలు చెక్కింది చేయిస్తానని ఆయనతో అన్నాను పెద్దాయనా. తడితోలులో పిస్టల్ బిగించి మూడు రోజులు ఆరబెడతారుగా, ఉంచుకోండి."

"ఇంక ఆ అవస్థ లేదు. అచ్చం దీనిలాంటిదే ప్లాస్టిక్ అచ్చు తెప్పించా. తోలు దాని మీదే ఆరుతుంది. పిస్టల్ నువ్వు పట్టుకుపో."

"వద్దు. ఇక్కడే ఉండనివ్వండి."

"మీ ఆయన డ్వేన్ అడగడూ?"

"ఒర కోసం ఇచ్చానంటే ఏమీ అనడు. చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. అది ఇంట్లో ఉంటేనే... భోజనానికి కూర్చుంటే నా కంచం పక్కన పెడతాడు. గొట్టం నా వైపు తిప్పి."

"అయ్యో! మొదటి ఒరప్పుడే చెప్పొచ్చుగా తల్లీ?"

"చెప్తే ఏం చేసేవారు? ఇక్కడి పోలీసులకి పెద్ద అయిన షెరిఫ్ మా ఆయన సొంత అన్నే."

ముసలాయన పిస్టల్‌ని తన వైపు లాక్కున్నాడు.

"ఇంకెక్కడికి పోను, చెప్పండి?"

"సరే, ఆ అచ్చు నా దగ్గర లేదనుకో. ఈ తోలు బాగా మందం, ఆరడానికి పది రోజులు పడుతుందని చెప్పు."

"పది రోజులంటే నమ్మడు, తనే వచ్చి చూస్తాడు. మూడే అనండి పెద్దాయనా. మూడు రోజులు కంటినిండా నిద్రపోతే, మళ్లీ కొన్నాళ్లు మెలకువగా ఉండగలను."