ఆర్డిస్ గారి సీసా ఎందుకు నిండేది

సభకు అధ్యక్షత వహిస్తున్న పాస్టర్ గ్రెచెన్ గారికి, స్కూలు బోర్డు పెద్దలకు, వంటగది కిటికీలోంచి వింటున్న అమ్మలకు, ముందు వరసలన్నీ ఖాళీగా వదిలేసి ఎప్పటిలాగే వెనక గోడకు ఆనుకుని కూర్చున్న నా నోర్డాల్ ఊరి మిత్రులందరికీ నమస్కారాలు.

రాసుకొచ్చిన ప్రసంగం నా కోటు జేబులో ఉంది. మంచి ప్రసంగమే, మీ అందరినీ పొగిడాను, నన్ను కూడా కొంచెం పొగుడుకున్నాను. (నవ్వులు) కానీ దాన్ని చదవలేను. ఇందాక వంటగదిలో ఒక మాట విన్నాను, అప్పటి నుంచి ఆ కాగితం బయటికి తీయబుద్ధి కావడం లేదు. నా మొహం చూసి గ్రెచెన్ గారు కాస్త కాఫీ తాగమన్నారు. మన చర్చి కాఫీ సంగతి మీకు తెలియనిది కాదు, ఉన్న కాస్త ఓపికా దానితో పోయింది.

నేను ఈ ఊరి హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పి రిటైరవుతున్నాను. అయితే మీరు నన్ను పిలిచి ఈ శాలువా, ఈ గడియారం ఇచ్చింది పాఠాలకు కాదని నాకు తెలుసు, ఎందుకంటే మీలో చాలామంది పాఠాల్లో నిద్రపోయారు. నన్ను పిలిచింది సీసాల కోసం. దేశాధ్యక్షుడి ఎన్నికలు దగ్గర పడినప్పుడల్లా, శరత్కాలంలో కోతల విందు రోజున, ఇదే హాల్లో ఆ గోడ పక్కన సీసాలు వరసగా పెట్టేవాణ్ణి. అమ్మలు తమ ఇళ్లలో ఊరగాయలు పెట్టుకునే సీసాలే తెచ్చిచ్చేవారు. ఒక్కో సీసా మీద ఒక్కో సమస్య రాసి అంటించేవాణ్ణి: పంట ధరలు, బడులు, తాగునీరు, యుద్ధం, ఆసుపత్రి. ఏ సమస్య ఏ సీసాకు అంటించాలో చీటీ తీసి తేల్చేవాణ్ణి, పక్షపాతం ఉండకూడదని. మనిషికి ఒక్క మొక్కజొన్న గింజ. నీ బతుకులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏదో అందులో వెయ్యి, అంతే. తర్వాత ఒక్కో అభ్యర్థి ప్రణాళిక తీసుకుని, మన గింజలు కోరినదానికి, ఆయన ఇస్తానన్నదానికి ఎంత పొంతన ఉందో పత్రికలో రాసేవాణ్ణి.

దేశంలో అందరికన్నా ముందు ఓటు చెప్పే రాష్ట్రం మనది కదా. అందుకని అభ్యర్థులు ఇక్కడికే ముందు వస్తారు, వాళ్ల కుర్ర పరివారం నా వ్యాసం కత్తిరించి జేబులో పెట్టుకుని వస్తుంది. మనం గింజ వేస్తే అక్కడ ప్రసంగం మారుతుందని నేను గర్వపడేవాణ్ణి. నిజంగానే మారేది. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఇందాక జరిగింది చెబుతాను. ఆర్డిస్ ఫెల్‌స్టాడ్ గారు తన సీసా కడిగి తుడుస్తున్నారు. అదే, ఆ నీలం మూత సీసా, కీరదోసకాయలు ఊరేస్తారే, మన ఊళ్లో ఆ సీసా ఎవరిదో చెప్పలేని మనిషి ఉండడు. నేను మర్యాదకి, "మీ సీసా ఎప్పుడూ అదృష్టవంతురాలే ఆర్డిస్ గారూ, ఏ సమస్య అంటించినా అదే గెలుస్తుంది," అన్నాను. ఆవిడ నవ్వి ఏమన్నారో తెలుసా? "అదృష్టం ఏముంది నాయనా, ఖాళీగా ఉంటే నేను చిన్నబుచ్చుకుంటానని వేస్తారు పాపం. నేనూ అంతేగా, ఈ ఏడాది మా వదిన సీసాలో వేశాను, తనకి మోకాలి ఆపరేషన్ అయిందని."

(నవ్వులు)

నవ్వండి. నేనూ ముందు నవ్వాను. తర్వాత కాఫీ వరసలో నా పాత శిష్యుడు లోవెల్ రూల్ దొరికితే పక్కకు లాగి అడిగాను. "నువ్వు గింజ దేనికి వేసేవాడివిరా, సమస్యకా, సీసాకా?" వాడు నన్ను జాలిగా చూశాడు. "సార్, సీసా ఇచ్చినావిడ ఎదురుగానే నిలబడి ఉంటుంది. చేతిలో ఊరగాయల ప్లేటు ఉంటుంది. ఆవిడ మొహం చూస్తూ పక్క సీసాలో ఎలా వేస్తాను సార్?"

లోవెల్, తల దించుకోకు. తప్పు నీ ఒక్కడిదే అయితే ఈ సభలో చెప్పేవాణ్ణి కాదు.

ఒక ఎన్నికలో సముద్రతీర రక్షణ మన ఊళ్లో రెండో స్థానంలో వచ్చింది, గుర్తుందా? ఇక్కడ నిలబడి ఎటు నడిచినా సముద్రం కనపడాలంటే బూట్లు అరిగిపోతాయి. అయినా నేను దాని మీద పెద్ద వ్యాసం రాశాను. మన రైతుల హృదయం ఎంత విశాలమో అని రాశాను. పట్నం రేడియోవాళ్లు నన్ను పిలిచి మాట్లాడించారు. అది హృదయం కాదు, ఆ సీసా ఇచ్చిన మేరియన్ గారి ఆపిల్ జామ్. (నవ్వులు)

ఇక నవ్వు వచ్చే భాగం అయిపోయింది. ఈసారి ఆర్డిస్ గారి సీసాకు చీటీలో వచ్చింది శనివారం టపా. శనివారాలు కూడా ఉత్తరాలు పంచాలా వద్దా అన్నది. సీసా నిండి గింజలు బల్ల మీద పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన ప్రతి అభ్యర్థీ, ఈ దేశాన్ని ఏలతామని వచ్చినవాళ్లు, ఇదే మైకు పట్టుకుని శనివారం టపా కోసం ప్రాణమిస్తామని చెప్పారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు కూడా. మీరంతా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారని ఇప్పుడు అడగను, ఆయన నొచ్చుకుంటాడని కొట్టారు.

ఆ విందుకు ముందు, వేసవిలో, అభ్యర్థుల్లో ఒకరైన గవర్నరు గారు మన సంతకు వచ్చి చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో మూతపడుతున్న కాన్పుల వార్డుల గురించి మాట్లాడారు. బాగా మాట్లాడారు. కోతల విందు తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఆ మాట ఎత్తలేదు. నేను వెళ్లి అడిగితే ఆయన పక్కనున్న అమ్మాయి నా వ్యాసమే నాకు చూపించింది. "మీ ఊరివాళ్లకి అది ముఖ్యం కాదు కదండీ, అన్నిటికన్నా కింద ఉంది," అంది. నేను ఒప్పుకున్నాను. గింజలు అబద్ధం చెప్పవు అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

కాన్పుల వార్డు ఏ సీసాకు వచ్చిందో చెప్పనా? నా సీసాకు. మా ఆవిడ పోయాక మా ఇంట్లో ఊరగాయలు పెట్టేవాళ్లు లేరు, దుకాణంలో కొన్న పీనట్ బటర్ సీసా కడిగి పెట్టాను. గింజలు దాని అడుగైనా కప్పలేదు. ఇందాక లోవెల్‌ని అదీ అడిగాను. "మీదైతే మీరేమీ అనుకోరు కదా సార్," అన్నాడు.



నేనేమీ అనుకోను. నాకు కాన్పు లేదు.

కానీ మన ఆసుపత్రిలో కాన్పుల వార్డు వచ్చే నెల మూసేస్తున్నారు. ఆ తలుపు దగ్గర కూర్చున్న కేలా, మన ఆర్డిస్ గారి మనవరాలు, దానికి మార్చిలో నొప్పులొస్తాయి. మార్చిలో మన రోడ్లు ఎలా ఉంటాయో, మంచుగాలి లేస్తే పక్క పట్నం ఎంత దూరమవుతుందో నేను చెప్పనక్కరలేదు, మీరే ట్రాక్టర్లతో కార్లు లాగుతారు. గవర్నరు ఆ మాట వదలకుండా ఉంటే వార్డు మిగిలేదని నేను అనడం లేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. మనం అడగలేదు, అది తెలుసు. నా వాళ్లు, నేను చదువు చెప్పినవాళ్లు, ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని దేశాధ్యక్షుడు కాబోయేవాళ్లకి తప్పు సమాధానం చెప్పి పంపారు. నాకు మీ మీద కోపం వస్తే బాగుండు. రావడం లేదు, భయం వేస్తోంది.

సరే. ఇప్పుడు సీసాలు లేవు, ఊరగాయలు లేవు. మీ అందరిలో కాన్పుల వార్డు అన్నిటికన్నా ముఖ్యమని ఎవరనుకుంటున్నారో వాళ్లు చెయ్యెత్తండి.

(చేతులు లేస్తాయి.)

దేవుడా. దాదాపు అందరూ ఎత్తారు.

ఇది చూసి ఇంకా భయం వేస్తోంది. ఇవి ఆ పిల్ల కోసం లేచిన చేతులా, ఊరు వదిలి చెల్లెలింటికి వెళ్లిపోతున్న ముసలి మాస్టారు బాధపడతాడని లేచిన చేతులా? నాకోసమైతే దయచేసి దించండి. నేను నొచ్చుకోను. ఎదురు చూస్తాను, నాకేం తొందర లేదు.

లోవెల్ దించాడు. "నాకు మొక్కజొన్న ధరే సార్, అబద్ధం ఎందుకు," అంటున్నాడు, వెనకవాళ్లకి వినబడకపోతే. నీకు నా నమస్కారం లోవెల్. నాతో ఇన్నేళ్లలో ఇంత మంచి మాట ఎవరూ చెప్పలేదు. ఇంకా దించుతున్నారు. దించండి, దించండి. స్కూలు బోర్డు వారు కూడానా. మంచిది.

మిగిలిన చేతులు తక్కువే. కానీ ఇవి నేను నమ్ముతాను. ఈ చేతులవాళ్లకు ఒక్క మాట. సోమవారం సాయంత్రం స్కూలు జిమ్‌లో కాకస్‌కి, అదే మన పార్టీ ఓటు సభకి వచ్చి ఎవరి అభ్యర్థి మూలలో వాళ్లం నిలబడతాం, లెక్క కాగానే కోట్లు తగిలించుకుని ఇళ్లకు పోతాం. ఈసారి పోకండి. పార్టీ ప్రణాళికలో ఏం చేర్చాలో అడిగేది ఆ తర్వాతే, అప్పటికి అక్కడ కుర్చీలు మడిచేవాడు తప్ప ఎవడూ ఉండడు. ఏ మూలలో నిలబడ్డా సరే, ఉండి, లేచి, నోరు తెరిచి అడగండి.

గ్రెచెన్ గారికి, వండి పెట్టిన అమ్మలకు, నన్ను ఇన్నాళ్లు భరించిన ఈ ఊరికి నా కృతజ్ఞతలు. ఇక కూర్చుంటాను.

ఆగండి. కేలా, నీ చెయ్యి మొదటి నుంచీ లేవలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఏమంటున్నావమ్మా? గట్టిగా చెప్పు.

తన సంగతి తనే అడిగితే బాగుండదట. అందరూ ఏమనుకుంటారోనట.

ఈ సాయంత్రం నేను విన్నవాటిలో ఇంతకన్నా ఘోరమైన మాట లేదు. ఎత్తు తల్లీ. నీకోసం నువ్వే ఎత్తు. ఇంకా పైకి, వంటగదిలోంచి మీ నానమ్మకు కనపడేలా. అలాగే ఉంచు, నేను కిందికి దిగినా దించకు.

సెలవు.